లెదర్ స్టీరింగ్ పొట్టు లేచింది: కొత్త తోలు కుట్టించాల్నా, రంగు కొట్టించాల్నా, కవర్‌తో సరిపెట్టాల్నా?

కాజీపేట_డీజిల్ | హన్మకొండ | శనివారం రాత్రి 9:12

అన్నలకు, అక్కలకు నమస్తే. నాది 2013 మోడల్ డీజిల్ బండి, టాప్ వేరియంట్. కంపెనీ పేరు కావాల్ననే రాస్తలేను, రాస్తే ముచ్చట అటే పోతది. ఇంజన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ అన్నీ మంచిగనే ఉన్నయి. ఖరాబైంది స్టీరింగ్ మీది లెదరే. గడియారంల పది, రెండు అంకెలుండే చోట పైపూత పోయి లోపల బూడిదరంగు తేలింది. ఎడమ దిక్కు కుట్టు రెండంగుళాల మేర తెగి తోలు అంచు పైకి లేచింది. ఎండల నుంచి వచ్చి పట్టుకుంటే చేతికి నల్లగ అంటుతుంది. మొన్న తెల్ల అంగీ మీద మరక చూసి ఇంట్ల గట్టిగనే క్లాసు పీకిండ్రు.

మూడు దుకాణాల్ల అడిగితే మూడు మాటలు. ఒకాయన పాతదాని మీదనే కవర్ కుట్టేస్త, గంటల అయిపోతది అన్నడు. ఇంకొకాయన పాతది పీకి కొత్త తోలు కుట్టాలె, బండి ఇడిచిపెట్టి పో అన్నడు. మూడో ఆయన రంగు కొడితే చాలు, ఎవ్వరూ గుర్తుపట్టరు అన్నడు. ఎవరి మాట వినాలె? చేయించినోళ్లు ఉంటే చెప్పుండ్రి.

చౌరస్తా_చాయ్ | వరంగల్ | శనివారం రాత్రి 9:20

నాలుగు వందల కవర్ తొడుగు అన్నా, పని ఖతం. దీనికి ఇంత మీటింగ్ ఎందుకు.

మంచిర్యాల_పానా | మంచిర్యాల | శనివారం రాత్రి 9:47

చాయ్ తమ్మీ, తొడిగే కవర్ సంగతి నాకు తెల్సు. గ్యారేజీకి వచ్చే బండ్లల్ల సగానికి సగం అవే. సైజు చూసి కొనేటోడు ఎవడూ లేడు. మన దగ్గర తిరిగే మామూలు కార్ల స్టీరింగ్‌లు చాలావరకు 37, 38 సెంటీమీటర్లుంటయి, గని రింగు లావు బండికో తీరు. వ్యాసం సరిపోయినా లావు సరిపోకపోతే కవర్ లోపల గాలి ఆడుతది. అట్లాంటిది పస్రా దాటినంక మేడారం రోడ్డు వంపులల్ల కవర్ తిరిగి స్టీరింగ్ తిరగకపోతే ఏం చేస్తవ్? ఎండకాలం రబ్బరు మెత్తబడ్డంక ఇంకా జారుతది. దాని ఖర్మకు అది కింద లెదర్‌ను కూడా రాపాడిస్తది.

కవరే కావాల్నంటే కుట్టేది తీసుకోవాలె, తొడిగేది కాదు.

టీచరమ్మ_కరీంనగర్ | కరీంనగర్ | శనివారం రాత్రి 10:31

కాజీపేట గారూ, ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీది అసలు తోలేనా? బ్రోషర్‌లో లెదర్ అని ఉన్నంత మాత్రాన నమ్మక్కర్లేదు. చాలా బండ్లకు వచ్చేది పాలీయురేథేన్ పూసిన గుడ్డ, అంటే మనం రెక్సిన్ అని పిలిచే జాతిదే. కొన్నింటికి అదీ ఉండదు. నురగతో పోత పోసిన రింగు మీదే తోలు గీతలు అచ్చు వేసి వదిలేస్తారు.

పొట్టు లేచిన చోట వేలి గోరుతో మెల్లగా గీకి చూడండి. సన్నటి పొర కాగితంలా రేకులు రేకులుగా ఊడి కింద గుడ్డ అల్లిక కనబడితే అది రెక్సిన్. మెత్తటి నూగులాగా, పోగులు పోగులుగా ఉంటే తోలు. అరిగిన చోట ఒక నీటి చుక్క వేసినా తెలుస్తుంది. తోలైతే కాసేపట్లో చుక్కను పీల్చుకుని అక్కడ రంగు ముదురుతుంది. పైపూత బాగున్న చోట అదే చుక్క జారిపోతుంది.

రెక్సిన్ అయితే రంగు గురించి ఆలోచించకండి, డబ్బు దండగ. పొర విడిపోవడం మొదలయ్యాక దాని మీద వేసిన రంగు పొరతో పాటే ఊడుతుంది.

కాజీపేట_డీజిల్ | హన్మకొండ | ఆదివారం ఉదయం 7:55

మేడం, చుక్క వేసి చూసిన. అరిగిన కాడ పీల్చుకున్నది, కింది భాగంల జారింది. గీకితే నూగు వస్తుంది. అంటే తోలే అన్నట్టు. గని కంపెనీ నుంచి వచ్చిన లెదర్ ఎందుకిట్ల అయితది? మా బావ బండి నాదానికన్న పాతది, స్టీరింగ్ ఇంకా మెరుస్తది.

బొగ్గుగని_బండి | గోదావరిఖని | ఆదివారం ఉదయం 8:40

మెరుపు చూసి మోసపోకు అన్నా. మెరుస్తుందంటే చేతి జిడ్డు పట్టిందన్నట్టు. కొత్త ఆటో లెదర్ మెరవదు, మ్యాట్‌గ ఉంటది.

మా దిక్కు సంగతి చెప్త. ఇక్కడ గాలిల బొగ్గు నుసి ఎప్పుడూ ఉంటది. చేతికి చెమట, చెమటల ఉప్పు, దానికి నుసి తోడైతే అదే గరుకు కాగితం. డ్యూటీ దిగి అట్లనే స్టీరింగ్ పట్టుకుంటం. రామగుండం ఎండ సంగతి చెప్పే పనే లేదు, మే నెలల అద్దాలు మూసిన బండి లోపల 60 డిగ్రీలు దాటుతది. లెదర్ మీద ఉండే రంగు, దాని మీది పారదర్శకమైన పూత రెండూ కలిసినా వెంట్రుక మందం ఉండవు. అరిగేది ఆ పూతే, తోలు కాదు.

ఇంకో శత్రువు 2020ల వచ్చింది, శానిటైజర్. దాంట్ల 70 శాతం దాకా ఆల్కహాల్ ఉంటది. చేతికి రాసుకొని తడి ఆరకముందే స్టీరింగ్ పట్టుకుంటే పైపూత మెత్తబడతది. ఆ రెండేండ్లల్ల ఖరాబైన స్టీరింగులు మస్తు చూసిన.

చౌరస్తా_చాయ్ | వరంగల్ | ఆదివారం ఉదయం 8:58

మా తాత అయితే కొబ్బరినూనె రాయమంటడు. తోలు చెప్పులకు రాసినట్టు.

బొగ్గుగని_బండి | గోదావరిఖని | ఆదివారం ఉదయం 9:03

తాత చెప్పింది చెప్పులకు. చెప్పులు పట్టుకొని ఎవరూ వంద స్పీడ్‌ల పోరు. నూనె రాస్తే స్టీరింగ్ జారుతది, దుమ్ము అంటుకుంటది, కుట్టు కాడ జిగురు వదులైతది. డ్యాష్‌బోర్డ్ పాలిష్ కొట్టేటోళ్లు ఇంకా డేంజర్. దాంట్ల సిలికాన్ ఉంటది. కార్ వాష్ పిలగాండ్లు అడగకుండనే స్టీరింగ్ మీద కూడా ఒక స్ప్రే కొడతరు, ముందే వద్దని చెప్పాలె.

జగిత్యాల_రంగులు | జగిత్యాల | ఆదివారం మధ్యాహ్నం 12:26

రంగును అంత తీసిపారేయకండి. సోఫాలు, బ్యాగులు, కారు సీట్లు, స్టీరింగ్‌లు అన్నీ చేస్తా, కాబట్టి పక్షపాతం ఉందనుకున్నా పర్లేదు. అసలు తోలై ఉండి, తోలు చిరగకుండా పూత మాత్రమే పోతే రంగు సరిగ్గా పడుతుంది. సరిగ్గా అంటే బూట్ పాలిష్ రుద్దడం కాదు.

ముందు జిడ్డు తీయాలి. తేలికపాటి సబ్బు నీళ్లతో మెత్తటి బ్రష్ పెట్టి తోమి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి. గుడ్డకు నలుపు రావడం ఆగేదాకా తుడవాల్సిందే. తర్వాత 600 నంబర్ ఎమెరీ కాగితంతో అంచుల్ని సాఫు చేయాలి. ఎక్కువ రుద్దితే తోలు నూగు లేచిపోతుంది, అక్కడే చాలామంది పని చెడగొడతారు. పగుళ్లకు ఫిల్లర్ పలచగా పూసి ఆరనివ్వాలి. రంగు స్పాంజితో అద్దాలి, పలచగా, పొర ఆరాక పొర. చివర్లో మ్యాట్ టాప్ కోట్. ఈ టాప్ కోట్ ఎగ్గొట్టినవాళ్ల పని అన్నా ఇది, చేతికి నలుపు అంటుకునేది. మీ బండికి ఇంతకుముందు ఎవరో రంగు కొట్టారని నా అనుమానం. కంపెనీ పూత అరుగుతుంది కానీ చేతికి అంటదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారా?

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. సీటు మీద రంగు ఉన్నన్నాళ్లు స్టీరింగ్ మీద ఉండదు. రోజూ నడిపే బండికి ఒకటి రెండేళ్లకు మళ్లీ చేయాల్సి వస్తుంది. పైగా మీది కుట్టు తెగింది. కుట్టు తెగిన దానికి రంగు వేయమని నేను చెప్పను.

కాజీపేట_డీజిల్ | హన్మకొండ | ఆదివారం మధ్యాహ్నం 1:10

అవును అన్నా, సెకండ్‌హ్యాండే. కొన్నప్పుడు స్టీరింగ్ కొత్తదాని తీరు నల్లగ మెరిసింది. ఇప్పుడు అర్థమైంది.

సీటు_ఉస్తాద్ | హన్మకొండ | ఆదివారం రాత్రి 10:05

చిన్నప్పటి సంది సీట్లు, స్టీరింగ్‌లే నా పని. రాసుడు అంతగ రాదు, తప్పులుంటే సర్దుకోండ్రి.

అందరూ కుట్టు గురించి అడుగుతరు, డబుల్ కుట్టా, క్రాస్ కుట్టా అని. కుట్టు పెద్ద పని కాదు. అసలు పని కత్తిరించుడు. లెక్క చూడుండ్రి. స్టీరింగ్ బయటి వ్యాసం 37 సెంటీమీటర్లు అనుకుందాం. బయటి చుట్టు కొలిస్తే 116 సెంటీమీటర్లు వస్తది. రింగు మందం 3 సెంటీమీటర్లు, అంటే లోపలి వ్యాసం 31, లోపలి చుట్టు 97. ఒకటే తోలు బయట 116 కప్పాలె, లోపల 97లో ఇమడాలె. మధ్యల ఆ 19 సెంటీమీటర్లు ఏడికి పోవాలె? కొంత బయటి దిక్కు సాగాలె, కొంత లోపలి కుట్టుల ముడుచుకోవాలె. మంచి తోలు రెండూ చేస్తది. వెనుక నేత గుడ్డ ఉన్న రెక్సిన్ రెండూ చేయదు, అందుకే చీప్ కవర్ లోపలి దిక్కు ముడతలు ముడతలుగ ఉంటది. వెనుక అల్లిక గుడ్డ, అంటే బనియన్ తీరు సాగే గుడ్డ ఉన్న రెక్సిన్ కొంత నయం.

పాత తోలు విప్పి దాన్నే నమూనా పెట్టి కోసేటోళ్లున్నరు. పాతది పదేండ్లు సాగి ఉంటది. ఆ కొలతకు కోస్తే కొత్తది కుట్టిన నాడే వదులు. నేను రింగుకు వంటింటి ప్లాస్టిక్ పొర చుట్టి, దాని మీద మాస్కింగ్ టేప్ రెండు వరుసలు వేస్త. పెన్నుతో కుట్టు గీత, కడ్డీల (మధ్య నుంచి రింగుకు పోయే చేతుల) అంచులు గీసి బ్లేడుతో కోసి తీస్తే కాగితం నమూనా తయారు. నాలుగు ముక్కలు వస్తయి చాలా స్టీరింగ్‌లకు: పైది, కిందిది, రెండు పక్కలవి. నమూనా అంచు కొద్దిగ తగ్గించి కోయాలె. తోలు రింగు మీద వేసినప్పుడు రెండంచుల మధ్యల మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు మిగలాలె. ఆ సందు దారం గుంజితే మూసుకోవాలె, అప్పుడే బిగువు.

తోలు మందం ఒక మిల్లీమీటరు, మహా అయితే 1.2. బెల్టుల తోలు పెట్టమని వస్తరు కొంతమంది, అది వంగదు. జాకెట్ల గొర్రె తోలు పెట్టమంటరు ఇంకొంతమంది, అది ఆర్నెల్లకు చిరుగుతది. కడ్డీల కిందికి పోయే అంచు మాత్రం కత్తితో సగం మందానికి పలచగ చెక్కాలె, లేకుంటే ప్లాస్టిక్ పట్టీ కూర్చోదు.

టీచరమ్మ_కరీంనగర్ | కరీంనగర్ | ఆదివారం రాత్రి 10:40

ఉస్తాద్ గారూ, దయచేసి ఇంకా రాయండి. నేను మా బండికి సొంతంగా కుట్టుకున్నాను, ఆన్‌లైన్‌లో ముందే కత్తిరించి, అంచుకు మిషన్ కుట్టు వేసి పంపే కిట్ తెప్పించుకుని. ఆ అంచు మిషన్ కుట్టు ఎందుకో కొంచెం చెప్పండి. మా చెల్లెలు అది అలంకారం అనుకుని విప్పబోయింది.

సీటు_ఉస్తాద్ | హన్మకొండ | ఆదివారం రాత్రి 11:18

మేడం, ఆ మిషన్ కుట్టే పునాది. అంచుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోపల మిషన్‌తో ఒక వరుస కుడతం. తర్వాత చేతికుట్టు తోలుకు కొత్త బొక్క పెట్టదు, మిషన్ దారం కిందికెళ్లి సూది దూర్చి ఎదుటి అంచు దారాన్ని గుంజుతది. బిగువంతా ఆ మిషన్ దారం మీద పడుతది, తోలు మీద కాదు. అందుకే తోలు చీలదు. విప్పితే ఖతం.

లెక్క తప్పొద్దు. పై అంచుకు అరవై కుట్లు పడితే కింది అంచుకు అరవయ్యే పడాలె. రెండు తక్కువైనా చివరికి వచ్చేసరికి కుట్టు పక్కకు మెలిపడతది. కుట్టు కుట్టుకు మధ్య నాలుగైదు మిల్లీమీటర్లు.

దారం కాటన్‌ది వద్దు, చెమటకు కుళ్లుతది. బాండెడ్ పాలిస్టర్ తీసుకోవాలె. నైలాన్ బలమే గని ఎండకు పాలిస్టర్ ఎక్కువ ఆగుతది. సూది మొన మొద్దుగ ఉన్నది మంచిది, తోలును గుచ్చదు. దబ్బనంతో పొడిచి కుట్టేటోని దగ్గరికి పోవద్దు.

జిగురు: చెప్పులు కుట్టేటోళ్లు వాడే రబ్బరు సొల్యూషనే. రెండు దిక్కుల పలచగ రాసి, వేలికి అంటనంత ఆరినంక అతికించాలె. రింగు మొత్తం రాయను, కడ్డీల కాడ, వెనుక భాగంల కొంచెం. పాత జిగురు తీయనీకి తిన్నర్ పోసేటోళ్లున్నరు. లోపల ఉన్నది నురగ, తిన్నర్ తాగితే ఉబ్బుతది. గట్టి బ్రష్, చేతి ఓపిక.

కుట్టుడు అయినంక తోలు మీద తడిగుడ్డ తుడిచి, జుట్టు ఆరబెట్టే మిషన్‌తో దూరం నుంచి వేడి పెట్టాలె. చిన్న చిన్న ముడతలు గుంజుకుంటయి.

కాజీపేట_డీజిల్ | హన్మకొండ | సోమవారం ఉదయం 6:50

ఉస్తాద్, సలాం. ఇంకో డౌటు. స్టీరింగ్ బండికి ఉండంగనే కుడతరా, ఊడదీయాల్నా? గంటల అయిపోతది అన్నాయన బండిల కూసొనే కుడత అన్నడు.

మంచిర్యాల_పానా | మంచిర్యాల | సోమవారం ఉదయం 7:30

ఇదే నేను అడుగుదామనుకున్న ప్రశ్న. ఊడదీయకుంటెనే మేలు అని నా మాట, మెకానిక్‌ను అయి ఉండి చెప్తున్న. ఎందుకంటే మధ్యల ఎయిర్‌బ్యాగ్ ఉంటది. మన దేశంల 2019 జూలై 1 తర్వాత తయారైన కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి, అంతకుముందువి కూడా టాప్ వేరియంట్లకు చాలావాటికి ఉంటయి. అది పేలాల్సి వస్తే రెప్పపాటు కూడా పట్టదు, సుమారు 30 మిల్లీసెకన్లల్ల నిండుతది. సీట్లు కుట్టేటోళ్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి ఊడదీసుడు కళ్లార చూసిన.

సీటు_ఉస్తాద్ | హన్మకొండ | సోమవారం రాత్రి 9:36

పానా అన్న, మీ భయం కరెక్టే, గని ఊడదీయకుండ కుట్టింది సగం పనే. కడ్డీల కాడ పాత తోలు ఎయిర్‌బ్యాగ్ పక్కన ఉండే పట్టీల కిందికి పోయి ఉంటది. పట్టీ తీయకుండ ఆ తోలు రాదు. రాకుంటే ఏం చేస్తరు? అక్కడికక్కడ కోసి, దాని మీద కొత్తది పెట్టి జిగురు పూస్తరు. అదే చోట బొటనవేలు ఆనుతది. మూడు నెలలకు అంచు లేస్తది. కాజీపేట అన్న అంగీ మీద మరక అంటుండు గదా, రేపు వేలుకు గుచ్చుకుంటది.

నేను ఎయిర్‌బ్యాగ్ తీయను. నాకు ఎరుకున్న మెకానిక్ తీసిస్తడు, పని అయినంక ఆయనే బిగిస్తడు. ఇద్దరి కూలి అయితది, అయితే అయింది.

మంచిర్యాల_పానా | మంచిర్యాల | సోమవారం రాత్రి 10:22

అట్లయితే ఒప్పుకుంట. తీసే మెకానిక్ ఏం చేయాల్నో రాస్త, బండోడు పక్కన నిలబడి చూడాలె.

చక్రాలు సీదా పెట్టి తాళం తీసేయాలె. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి ఆగాలె. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌ల కెపాసిటర్ ఉంటది, బ్యాటరీ తీసినంక కూడా దాంట్ల కరెంటు కొంచెంసేపు నిలుస్తది. ఎంతసేపు ఆగాలన్నది బండి మాన్యువల్‌ల ఉంటది, ఒకదానికి 90 సెకన్లు, ఒకదానికి పది నిమిషాలు. నేనైతే ఒక చాయ్ తాగి వస్త. పసుపు కనెక్టర్ విప్పినంక ఎయిర్‌బ్యాగ్‌ను ఎప్పుడూ కంపెనీ బొమ్మ దిక్కు పైకి ఉండేటట్టు పెట్టాలె, మీద ఏదీ పెట్టొద్దు. బోర్లా పెడితే, పొరపాటున పేలితే మాడ్యూలే పైకి ఎగురుతది. మల్టీమీటర్ (కరెంటు కొలిచే మీటర్) పెట్టి చెక్ చేస్త అన్నోన్ని బయటికి పంపుండ్రి.

మధ్య నట్టు ఊడదీసే ముందు షాఫ్ట్ మీద, స్టీరింగ్ మీద మార్కర్‌తో ఒక గీత గీయాలె. ఒక పన్ను అటిటు అయినా రోడ్డు మీద స్టీరింగ్ వంకరగ ఉంటది. నట్టు మొత్తం తీయకుండ రెండు మూడు చుట్లు ఉంచి అప్పుడు స్టీరింగ్‌ను లాగాలె, లేకుంటే ఒక్కసారి ఊడి మూతికి తగుల్తది. వెనుక ఉండే క్లాక్ స్ప్రింగ్, అంటే చుట్టలు చుట్టిన రిబ్బన్ తీగ, అది తిరగకుండ టేప్ వేయాలె. అది మధ్యల లేకుండ బిగిస్తే, ఫుల్ టర్న్ కొట్టిన నాడు తెగుతది. అప్పుడు హారన్ పోతది, స్టీరింగ్ బటన్లు పోతయి, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతది. మా దగ్గరికి అట్లనే వచ్చిండు ఒకాయన, వేరే ఊర్ల ఒక దుకాణంల కుట్టించుకొని. కుట్టుడుకంటె క్లాక్ స్ప్రింగ్‌కే ఎక్కువ పెట్టిండు.

బిగించేటప్పుడు టార్క్ రెంచ్, అంటే బిగువు కొలిచే పానా, తప్పనిసరి, కొలత మాన్యువల్‌ల చూసి.

వేదిక_నిర్వాహకుడు | సోమవారం రాత్రి 10:50

రెండు పోస్టుల్లో ఫోన్ నంబర్లు ఉంటే తీసేశాం. దుకాణాల అడ్రస్‌లు, నంబర్లు వ్యక్తిగత సందేశాల్లో పంచుకోండి. ఎవరి దుకాణాన్నీ పేరుపెట్టి తిట్టకండి.

పెద్దపల్లి_మాల | పెద్దపల్లి | మంగళవారం ఉదయం 5:45

స్వామి శరణం. మా ఇంట్లో ప్రతి ఏడాది అయ్యప్ప మాల వేస్తాం. మా నాన్న దీక్షలో ఉన్నప్పుడు తోలు వస్తువులు ముట్టరు, బెల్టు కూడా తీసేస్తారు. స్టీరింగ్ తోలుదైతే బండే నడపనంటారు. తోలు కాకుండా అంత బాగుండేది ఏదైనా ఉందా? ఒకరు అల్కాంటారా అంటున్నారు.

సీటు_ఉస్తాద్ | హన్మకొండ | మంగళవారం రాత్రి 9:15

స్వామీ, మైక్రోఫైబర్ లెదర్ అడుగుండ్రి. పేరుకే లెదర్, తోలు ఉండదు, సన్నటి సింథటిక్ పోగులతో చేస్తరు. రెక్సిన్ కన్న మస్తు సాగుతది, అరుగుదలకు ఆగుతది. మందం 1.2 దాకా దొరుకుతది. కంపెనీలు కూడా వాడుతున్నయి.

అల్కాంటారా కూడా తోలు కాదు, సింథటిక్కే. చూడనీకి అందంగ ఉంటది. మన చెమటకు, మన దుమ్ముకు నూగు అణిగి జిడ్డు ముద్ద అయితది. వారం వారం బ్రష్ చేసే ఓపిక ఉంటేనే.

నర్సంపేట_మిర్చి | నర్సంపేట | మంగళవారం రాత్రి 9:50

రేట్ల సంగతి ఎవ్వరూ మాట్లాడ్తలేరు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలే సీజన్‌ల వరంగల్ వస్త, అప్పుడే చేయించుకుందామని. ఎంత పెట్టాలె?

సీటు_ఉస్తాద్ | హన్మకొండ | మంగళవారం రాత్రి 10:12

నేను తీసుకునేది చెప్త, వేరేటోళ్లది వాళ్లకు ఎరుక. రెక్సిన్ కుట్టుడు వెయ్యి నుంచి పదిహేను వందలు. మైక్రోఫైబర్ రెండు రెండున్నర వేలు. అసలు తోలు నాలుగు వేల పైన, కడ్డీలు ఎన్ని, బొటనవేలు కాడ ఉబ్బు ఉన్నదా లేదా దాన్ని బట్టి. మెకానిక్ కూలి వేరే.

తోలు చదరపు అడుగుల లెక్కన అమ్ముతరు. రింగుకు లెక్క చూస్తే అడుగున్నర లోపే, గని వదులు లేని మంచి భాగం ఏరుకోవాలె, పొట్ట దిక్కుది పనికిరాదు, అందుకే మూడడుగుల దాకా పోతది. ఎనిమిది వందలకు అసలు లెదర్ అన్నోడు ఏం పెడుతుండో మీరే లెక్కేసుకోండ్రి. కోసిన ముక్క అంచు చూపించమనుండ్రి, పోగులు కనబడాలె.

టీచరమ్మ_కరీంనగర్ | కరీంనగర్ | బుధవారం సాయంత్రం 6:20

చిల్లుల తోలు గురించి కూడా ఎవరైనా చెప్తే బాగుండు. చెమట పట్టే చేతులకు అది మంచిదని నా అనుభవం. పక్క ముక్కలు రెండూ చిల్లులవి, పైది కిందిది సాదావి పెట్టుకున్నాను. కాకపోతే చిల్లుల్లో దుమ్ము చేరితే టూత్‌బ్రష్‌తో తీయాల్సిందే. ఎక్కువ సాగదీస్తే గుండ్రటి చిల్లులు కోలగా మారతాయి, వంపు ఎక్కువున్న చోట అసహ్యంగా కనిపిస్తుంది.

కుట్టేవాళ్లకు ఒక సలహా. దారం ఒకే ముక్కగా తీసుకోండి, కుట్టు పొడవుకు ఐదింతలు. మధ్యలో ముడి వేసి కలిపితే ఆ ముడి సరిగ్గా వేళ్ల కిందికే వస్తుంది. ముందు ముక్కల్ని నాలుగు చోట్ల విడి దారంతో పట్టి ఉంచి, కడ్డీ దగ్గర నుంచి మొదలుపెట్టండి. చూపుడువేలికి ప్లాస్టర్ చుట్టుకోండి, దారం గుంజి గుంజి కోసుకుంటుంది. మా స్కూల్లో పిల్లలు ఏమైంది మేడం అని అడిగితే స్టీరింగ్ కుట్టానంటే నవ్వారు.

జగిత్యాల_రంగులు | జగిత్యాల | బుధవారం రాత్రి 8:04

ఐదింతలు క్రాస్ కుట్టుకు సరిపోతుంది. పక్కపక్కన నిలువు గీతల్లా పడే యూరో కుట్టుకు ఇంకొంచెం తక్కువ చాలు.

కాజీపేట_డీజిల్ | హన్మకొండ | తర్వాతి ఆదివారం రాత్రి 8:30

పని అయింది. ఉస్తాద్ దగ్గరనే చేయించిన, మెకానిక్ ఎయిర్‌బ్యాగ్ తీసేటప్పుడు పానా అన్న పోస్టు ఫోన్‌ల తెరిచి పక్కన నిలబడ్డ. ఆయన నవ్వి, గీత గీసి, టేప్ వేసి, అన్నీ చూపించిండు. ఎయిర్‌బ్యాగ్‌ను బల్ల మీద బొమ్మ పైకి పెట్టి దాని దగ్గరికి ఎవ్వరినీ రానియ్యలే.

పాత తోలు ఊడదీసినంక చూస్తే జగిత్యాల అన్న మాట నిజమే. ఒరిజినల్ బూడిద రంగు తోలు, మీద నల్ల రంగు కొట్టిండ్రు. అంచుల కింద రంగు తాకని చోట బూడిదే ఉన్నది. నల్ల తోలే వేయించిన, మ్యాట్, పక్కలకు చిల్లులది, దారం కూడా నలుపే. ఎర్ర దారం వేయమని మావోడు ఒకటే పోరు, విన్లే.

చేతికి కొత్తగ అనిపిస్తున్నది. రింగు కొంచెం లావైనట్టు, లోపలి దిక్కు కుట్టు వేళ్లకు తెలుస్తది. తాళం తిప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోయింది, హారన్, బటన్లు పనిచేస్తున్నయి. రోడ్డు మీద సీదాగనే పోతుంది. అన్నీ కలిపి ఐదు వేల చిల్లర.

మంచిర్యాల_పానా | మంచిర్యాల | తర్వాతి ఆదివారం రాత్రి 8:52

మంచిది తమ్మీ. అటు చివరి దాకా, ఇటు చివరి దాకా ఫుల్ టర్న్ కొట్టి చూసినవా? హారన్ మూడు చోట్ల కొట్టు: సీదా, ఎడమ చివర, కుడి చివర.

కాజీపేట_డీజిల్ | హన్మకొండ | తర్వాతి ఆదివారం రాత్రి 9:05

కొట్టిన అన్నా, మూడు చోట్ల మోగింది. పక్కింటోళ్లు బయటికొచ్చి చూసిండ్రు.

హుజూరాబాద్_బీజ్ | హుజూరాబాద్ | సోమవారం ఉదయం 10:17

ఈ చర్చ చదివి ఖాతా తెరిచాను. మాది లేత బీజ్ లెదర్ స్టీరింగ్. దసరా బండి పూజకు మా అమ్మ స్టీరింగ్ మధ్యలో, రింగు మీద పసుపు కుంకుమ బొట్లు పెట్టింది. కుంకుమ పోయింది, పసుపు పోవట్లేదు. శానిటైజర్‌తో తుడవొచ్చా?

జగిత్యాల_రంగులు | జగిత్యాల | సోమవారం ఉదయం 11:02

శానిటైజర్ వద్దండీ, పైన బొగ్గుగని అన్న రాసింది చదవండి. పసుపు రంగు ఎండకు నిలవదు. మెత్తటి గుడ్డ, తేలిక సబ్బు నీళ్లతో తుడిచి, మచ్చకు ఎండ తగిలేలా బండి పెట్టి పొద్దుటి ఎండ కొన్నాళ్లు తగలనివ్వండి, మెల్లగా వెలుస్తుంది. మధ్యాహ్నం ఎండలో మాత్రం మూసి పెట్టకండి.

సీటు_ఉస్తాద్ | హన్మకొండ | సోమవారం రాత్రి 9:41

మచ్చ కుట్టు దారానికి కూడా పట్టిందా అమ్మా? తోలు మీది మచ్చ వేరు, దారం పీల్చుకున్న మచ్చ వేరు. కుట్టు దగ్గరిది ఒక ఫోటో పెట్టుండ్రి, చూసి చెప్త.